గద్దకన్ను కొట్టేసిన టిక్కు

ఆ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఆమెను అందరూ గద్దకన్ను అంటారు. మైక్రోస్కోపులో కన్నుపెట్టి గాజుపలకల మీద కణాలు లెక్కపెట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్లలో ఆమె లెక్కలతో డజన్లకొద్దీ పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. ఒక్కదాంట్లోనూ ఆమె పేరు లేదు. ఈసారి కొత్త లివర్ మందు పరీక్ష. మూడువందల పలకలూ ఒంటిచేత్తో లెక్కపెట్టింది. "ఈసారి మీ పేరు వేస్తున్నానమ్మా" అని ప్రొఫెసర్ మాటిచ్చాడు.

అప్పుడొచ్చాడు గుమాస్తా, ఫారాల కట్టతో. మీకుగానీ మీవాళ్లకుగానీ ఆ మందు కంపెనీతో డబ్బు సంబంధం ఉందా అని అడిగే ఫారం. 'లేదు' దగ్గర టిక్కు తనే ముందుగా పెట్టి తెస్తాడు. పదేళ్ల ఆనవాయితీ. ప్రొఫెసర్లు ఫోన్లో మాట్లాడుతూనే సంతకం గీకి పారేస్తారు.

"సంతకం పడేయండక్కా, మీదొక్కటే మిగిలింది."

ఆమె కళ్లజోడు తుడుచుకుని చదవసాగింది.

"దాన్నీ కణంలా చూస్తారేంటి?" నవ్వాడు.

"మా తమ్ముడు ఆ కంపెనీ ఏజెన్సీ తీసుకున్నాడోయ్. అందులో నాకూ వాటా ఉంది."

"చిటికెడు వాటా! ఎవరికి తెలుస్తుంది? చెబితే పత్రంలో మీ పేరు పోతుంది. నోటికాడి ముద్దక్కా!"

"ఎవరికి తెలుసని అడగలేదుగా. ఉందా లేదా అని అడిగారు."

టిక్కు కొట్టేసి 'ఉంది' అని రాసింది.

ప్రొఫెసర్ తల పట్టుకున్నాడు. వాటా ఉన్న మనిషి లెక్క చెల్లదు కాబట్టి బయటి నుంచి ఒకావిడను పిలిచి మూడువందలూ మళ్లీ లెక్కపెట్టించారు. తొమ్మిది పలకల్లో తేడా వచ్చింది. గద్దకన్ను ఆ తొమ్మిదింటినీ ముందేసుకుని కూర్చుంది. తన లెక్కే సరైనదని వాదిస్తుందనుకుని, తమాషా చూద్దామని గుమాస్తా గుమ్మంలో నిలబడ్డాడు.

చాలాసేపటికి తలెత్తింది.

"తొమ్మిదీ నా తప్పే. అన్నీ మందు పనిచేసిందనే వైపే. ఏది మందు పడిన పలకో చీటీ మీద కనబడుతూనే ఉంటుంది కదా! నా కన్ను నన్నడక్కుండానే అటు ఒరిగిందోయ్."

గుమాస్తా తమాషా సంగతే మరిచాడు. అంత కన్నే ఒరిగితే తక్కిన కళ్ల సంగతేంటి? తన తప్పు తన నోటితో తనే చెప్పుకోవడానికి ఎంత గుండె కావాలి!

పత్రంలో పేరు ఆ బయటావిడదే పడింది.

మరుసటి ఏడు గుమాస్తా ఖాళీ గళ్లున్న ఫారాలు పట్టుకుని గదిగదికీ తిరిగాడు.

"టిక్కేదయ్యా? ఏంటీ కొత్త వేషం?" కసిరాడు ప్రొఫెసర్.

"గద్దకన్ను చదివే సంతకం పెట్టింది సార్. మీరూ చదవండి. నేను కూర్చుంటా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.