జానెడు జడ

మా అమ్మాయికి జుట్టు లేకపోలేదు, పెరగడమే లేదు. చెవుల దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. నర్సీపట్నంలో మా వీధివాళ్లు ఆడపిల్ల కనిపిస్తే ముందు జడ చూస్తారు, మొహం తర్వాత. "ఏటమ్మా, గుంటకి క్రాపు కొట్టించేసేవేటి?" అని అడగనివాళ్లు లేరు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు సలహాలిచ్చి వెళ్లేవారు. నోరు పారేసుకుంటే గిరాకీ పోతుందని పళ్లు బిగించి టేపు పట్టుకునేదాన్ని.

ఆ సలహాలన్నిటిలోకీ పెద్దది గుండు. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందట. పుట్టువెంట్రుకలు తీయించాక ఇంకోసారి కొట్టించాం, అది చాలదన్నట్టు మళ్లీ కొట్టించాం. పిల్ల టోపీ పెట్టుకుని స్కూలుకి వెళ్లేది. ప్రతిసారీ జుట్టు వచ్చి, బుద్ధిగా చెవుల దగ్గరే ఆగేది. మా అత్తగారు మందారాకు నూరారు, గుంటగలగరాకు నూనె కాచారు, కొయ్యూరు సంత నుంచి ఎవరిచేతో ఏదో నూనె తెప్పించారు. దాని వాసనకి క్లాసులో పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ రోజు నాకొచ్చిన కోపానికి ఆ సీసా తీసుకెళ్లి కాలవలో పోశాను.

చివరికి విశాఖపట్నం తీసుకెళ్లాను. చర్మం డాక్టరమ్మ కొన్ని వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. వెంట్రుక పెరిగే కాలం ఈ పిల్లకి బాగా తక్కువట, పొడుగయ్యేలోపే రాలిపోతుందట. చాలా అరుదుగా కనిపించే జబ్బట. నూనెలూ గుండ్లూ ఎందుకూ పనికిరావని చెప్పి, "నోటి మాత్ర ఒకటుంది. కొంచెం మోతాదులో ఇచ్చి చూద్దాం. తగ్గుతుందని మాత్రం మాటివ్వలేను" అంది. గుండె దడ, కాళ్ల వాపు కనిపెట్టుకుని ఉండమంది. చెప్పిన మోతాదుకి ఒక్క ముక్క కూడా ఎక్కువ వెయ్యొద్దని రెండుసార్లు చెప్పింది.

మందుల షాపు అతను చీటీ చూసి, "ఇది బీపీ మాత్రండీ, మీ అత్తగారికా?" అన్నాడు. పిల్లకి అంటే చీటీని వెలుతురుకి పెట్టి మళ్లీ చదివాడు. ఇంటికొచ్చి మాత్రని బ్లేడుతో సగానికి కోసి, రెండు ముక్కలూ సమంగా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూశాను. పిల్ల మాత్రం చేదు మాట ఎత్తకుండా గుటుక్కున మింగేసింది. అప్పటి నుంచి నేను మర్చిపోయినా అది మర్చిపోలేదు. పొద్దున్నే పళ్లు తోముకుని వచ్చి, "అమ్మా, నా సగం" అని చెయ్యి చాపేది.

జుట్టు కదిలింది. చెవులు దాటింది, మెడ దాటింది. ఎలకతోకంత జడ పడిన రోజున పిల్ల అద్దం ముందు తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంది, అన్నం తినమన్నా రాలేదు. రిబ్బను కట్టించుకుని స్కూలుకి వెళ్తుంటే జడ ఊగడం కోసం కావాలని గెంతుతూ నడిచింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అయితే మాత్రకి తలెక్కడో ఒళ్లెక్కడో తెలియదు కదా. నుదుటి మీద, చెంపల మీద, చేతుల మీద నూగు మొదలైంది. ఒక్కో పొద్దున పాదాలు కాస్త ఉబ్బేవి. డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. "ఇంకొన్నాళ్లు చూసి ఆపేద్దాం" అంది. ఆపేస్తే వచ్చిన జుట్టు ఉంటుందా అని అడిగాను. "చెప్పలేనమ్మా" అంది.

మా అత్తగారు రోజూ మనవరాలికి జడ వేసి, మెడ దగ్గర నుంచి బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచేవారు. ముద్దు కాబోలు అనుకునేదాన్ని. ఒక పొద్దున, "ఇంకొక్క వేలెడు" అని తనలో తను అనుకోవడం విన్నాను.

"దేనికి అత్తమ్మా?" అన్నాను.

"మొక్కుకే. మీరు వైజాగు ఎల్లిన రోజునే అప్పన్నకి మొక్కేసేను. జానెడు జడొస్తే ఆ జడ నీకే సామీ అనీసి. జానెడు అవగానే కొండకెల్లి గుండు సేయించేద్దుం."

నా ఒళ్లు మండిపోయింది. "జుట్టు తెచ్చింది మాత్ర కదా?" అన్నాను.

"ఆ మాత్ర పని సేసేలా సేసిందెవులు? మొక్కు తీర్సకపోతే ఉన్నది కూడా ఊడిపోద్ది."

మా ఆయనకి చెప్తే, "ఎంట్రుకలే కదే, మళ్లీ వస్తాయి" అన్నాడు. ఇస్త్రీపెట్టె తీసి విసరాలనిపించింది. మళ్లీ వస్తాయని ఎవరు చెప్పారు? డాక్టరమ్మే చెప్పలేనంది. పోనీ మొక్కు పక్కన పెట్టేద్దామంటే, ఊడిపోద్దన్న ఆ మాట చెవిలోంచి పోదు. చదువుకున్నదాన్నే, అయినా భయం వేసింది. మొక్కు తీరిస్తే ఈ జడ పోతుంది, తీర్చకపోతే నా ధైర్యం పోతుంది. ఈ గొడవంతా పిల్లకి తెలియదు. అది పూలజడ గురించి మాట్లాడుతోంది.

నా చేతిలో ఉన్నది కత్తెర ఒక్కటే. ఆదివారం తలంటి, చిక్కు తీస్తున్నట్టు తీసి, జడ చివర కాస్త కత్తిరించాను. తర్వాతి ఆదివారం కూడా అంతే. ఎన్ని మాత్రలకి వచ్చిన జుట్టో, జాకెట్టు పేలికల్లో కలిపి ఊడ్చేసేదాన్ని. జానెడు కాకపోతే మొక్కు తీర్చే రోజు రాదు, అంతవరకే ఆలోచించాను. మా అత్తగారి కొలతలో ఎప్పుడూ వేలెడు తక్కువే. "ఏటో, అక్కడే ఆగిపోనాది" అని ఆవిడ దీపం దగ్గర ఇంకాసేపు కూర్చునేవారు.

నిన్న పిల్ల అద్దం ముందు జడని భుజం మీంచి ముందుకి లాక్కుని చూసుకుంది. మొదటిసారి జడ పడిన రోజులా తల తిప్పలేదు.

ఈ పొద్దున నేను మాత్ర కోస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, మళ్లీ ఆగిపోయింది కదా?"

"లేదే, పెరుగుతోంది" అన్నాను.

"నేను రోజూ ఏసుకుంటన్నానమ్మా, ఒక్క రోజు కూడా మానలేదు. సగం సాలట్లేదేమో. ఈ రోజు రెండు సగాలూ ఇచ్చేయవా?"

చెయ్యి చాపింది. ఆ చేతి మీద నూగు మాత్రం నల్లగా, ఒత్తుగా, ఎవరూ కత్తిరించకుండా పెరుగుతోంది.