ఫొటో పక్కన ఇనప కాలు

మొన్న మా తెలుగు సంఘం హాల్లో సంతాప సభ జరిగింది. పోయినవాడు నా స్నేహితుడు. పటాలంలో పదిహేనేళ్ళు చేసి, తర్వాత ఈ రేవు పట్నంలో ఏక్‌బాల్‌పూర్ సందు మొదట్లో బడ్డీ పెట్టుకుని చివరిదాకా చెప్పులు కుట్టాడు. పటాలంలోనూ అతను కుట్టింది బూట్లే. ఆ సంగతి ఏనాడూ దాచలేదు. సరిహద్దులో ఏం చేశావని ఎవరైనా అడిగితే, "జవాన్ల బూట్లకి మడమలు ఏసినాను" అనేవాడు.

నేను బడి మొహం చూడలేదు. అతని బడ్డీ పక్కన కూర్చుని, ఊరినుంచి సామాన్లు చుట్టుకొచ్చిన పాత తెలుగు పేపర్లలో అక్షరాలు కూడబలుక్కున్నాను. అతని ముగ్గురు కూతుళ్ళకీ బడి బూట్లు అతనే కుట్టేవాడు. పిల్లల కాళ్ళు పెరిగితే ఆదివారం పూట ముందు భాగం విప్పి, తోలు ముక్క కలిపి మళ్ళీ బిగించేవాడు.

సభలో చదవడానికి నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు నన్నే అడిగారు. బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైనాయన. నేను రాసినదాంట్లో చెప్పుల ఊసు ఉన్న చోటల్లా ఎర్రసిరాతో కొట్టేసి "వీర జవాను" అని దిద్దారు. చెప్పు అంటే నోరు మైలపడుతుంది కాబోలు. తన చెప్పు తెగిన రోజున మాత్రం ఈ వీర జవానుని "ఒరే" అనే పిలిచేవారు.

అతని భార్య తెచ్చిన ఫొటోని వేదిక మీద కుర్చీలో పెట్టి దండ వేశారు. ఆమె ఒక సంచీ కూడా తెచ్చింది. అందులోంచి, బూటు బోర్లించి మేకులు కొట్టే ఇనప కాలు తీసి ఫొటో పక్కన పెట్టింది.

"అమ్మా, అది వేదిక మీద బాగుండదు. మెడల్స్ తెచ్చారా?" అన్నారు కార్యదర్శిగారు.

"తెచ్చినాను బాబూ. అవీ ఉంటాయి, ఇదీ ఉంటాది."

"నలుగురూ వచ్చే చోటండీ. దాన్ని గుమ్మం బయట, చెప్పుల దగ్గర పెట్టించండి."

ఆమె నా వైపు తిరిగింది. "ఏటన్నయ్యా, నువ్వు రాసినావు కదా. సెప్పు."

నా చేతిలో ఎర్రసిరా కాగితం. నోరు పెగల్లేదు. ఊళ్ళో అందరినీ కడిగేసే నోరు అది!

"సరే బాబూ, సెప్పులకాడే పెడతాను. ఆయన కూడా అక్కడే ఉంటాడు."

దండతో సహా ఫొటో చంకన పెట్టుకుని, ఇనప కాలు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. రెంటినీ మెట్టు మీద, చెప్పుల మధ్య పెట్టి పక్కనే కూర్చుంది. కూతుళ్ళు వెనకే వెళ్ళారు. తర్వాత రేవులో పనిచేసేవాళ్ళంతా లేచారు. లోపల ఖాళీ కుర్చీకి అగరుబత్తులు పొగ పెడుతుంటే, కార్యదర్శిగారు వీర జవాను గురించి మైకులో చెబుతూనే ఉన్నారు.

అందరికంటే ఆఖర్న నేను బయటికొచ్చాను. కొట్టేసిన మాటలు గట్టిగా చదవడం మొదలెట్టాను.

"ఇప్పుడొచ్చిందేటి గొంతు?" అంది ఆమె. మెట్టు మీద కాస్త జరిగి నాకు చోటిచ్చి, "మొదట్నుంచి సదువు" అంది.