చివరి ఎంటర్

దువ్వాడ స్టేషన్ వెయిటింగ్ రూములో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చెమటలు కక్కుతున్నాను. ముందురోజు విండోస్ మళ్లీ ఎక్కించాను. అంతే, దాని పక్కనే ఉండాల్సిన రెండో సిస్టమ్, లినక్స్, కనిపించకుండా పోయింది. నా మూడేళ్ల పరిశోధన అందులోనే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి, లినక్స్ కూడా కొత్తగా ఎక్కించబోయాను.

"ఆగు తమ్ముడూ! ఏటి సేత్తన్నావ్? కొత్తది ఎక్కిత్తే పాతదంతా తుడుసుకుపోద్ది."

పక్క కుర్చీలో నలభై దాటిన ఆవిడ. చుడీదార్ కింద స్టీల్ ప్లాంటు సేఫ్టీ బూట్లు. ల్యాప్‌టాప్ తీసుకుని, ఆ పెన్‌డ్రైవ్‌తోనే తెరిచి, ముందు నా ఫైళ్లు చూపించింది. ఒక్కటీ పోలేదు.

"ఆన్ సెయ్యగానే ఏది కావాలని అడిగే సిన్న ప్రోగ్రాము, అదొక్కటే సెడింది."

ప్రతి కమాండూ రెండుసార్లు చదువుకుంటూ కొట్టింది. చివరిదానికి మాత్రం ఎంటర్ నొక్కకుండా ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టేసింది.

"మా ప్లాంటులో మిషన్ ఆపినోలు దానికి తమ పేరుతో ట్యాగు కడతారు. బాగుసేసింది ఎవులైనా, ఆ ట్యాగు కట్టినోలే ఇప్పాల. దీన్ని ఆపింది ఎవులు?"

"నానే అక్కా," అన్నాను. చదువుతో వదిలించుకున్నాననుకున్న ఊరి మాట దానంతటదే వచ్చేసింది.

నొక్కాను. మళ్లీ ఆన్ చేస్తే లినక్స్, విండోస్ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. తలెత్తేసరికి ఆవిడ తన రైలు వైపు నడుస్తోంది.

ఇప్పుడు ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలుస్తారు. అంతా సరిచేసి, చివరి ఎంటర్ నొక్కకుండా కుర్చీలోంచి లేస్తాను. పొగరని కొందరనుకుంటారు. తాము పాడుచేసింది తమ వేలి కిందే లేచి కూర్చున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.