ఒక్క బిడ్డ కోసం తెరిచిన సీసా

పిల్లల డాక్టరమ్మకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఆసుపత్రి గేటు దగ్గరి వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ఒకప్పుడు ఆ తిట్లకు నవ్వుకుంటూనే తల్లులు బారులు తీరేవారు. బుధవారం టీకాల రోజంటే వరండాలో కాలు పెట్టే చోటుండేది కాదు, ఏడుపులకు చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు బెంచీలు ఖాళీ. ఎవడో తెల్లకోటు వేసుకుని అందరి ఫోన్లలోనూ కనబడి, టీకా వేయిస్తే పిల్లలు మందబుద్ధులవుతారని చెప్పాడట. ఆ కోటు ఏ దుకాణంలో కొన్నాడో ఒక్కరూ అడగలేదు. ఇన్నేళ్లుగా వాళ్ల పిల్లల ముక్కులు తుడిచిన ఈవిడ మాట మాత్రం గోడకు చెప్పినట్టే అయింది.

అందరి సంగతీ అటుంచితే, సొంత తమ్ముడే వినలేదు. వాడి కూతురికి రెండో ఏడు నడుస్తోంది, తట్టు టీకా ఇంకా పడలేదు. రెండు వీధుల అవతల తట్టు పాకిందని తెలిసినప్పటి నుంచి డాక్టరమ్మకు తిండి సయించడం లేదు. చిలక్కి చెప్పినట్టు చెప్పింది, తిట్టింది, బతిమాలింది. వచ్చేవారం చూద్దామనేవాడు. ఆ వచ్చేవారం ఎప్పుడూ రాలేదు.

ఈ బుధవారం పొద్దున ఒక్క తల్లే వచ్చింది. చంకలో తొమ్మిది నెలల బిడ్డ, కళ్లలో బెదురు. అత్తగారు బజారుకు వెళ్లిన సందు చూసుకుని వచ్చిందట. నర్సు డాక్టరమ్మను పక్కకు పిలిచింది. తట్టు మందు సీసాలో పదిమందికి సరిపడా ఉంటుంది. పొడిలో నీళ్లు కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ కోసం తెరిస్తే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. ఇంకో నలుగురు పోగయ్యాక రమ్మందామా అని నర్సు నసిగింది.

"ఇవాళ వెనక్కి పంపితే ఈ అమ్మాయి మళ్లీ ఈ గడప తొక్కదు. తెరువు," అంది డాక్టరమ్మ.

సూది పడింది. బిడ్డ కేరుమంది. బిడ్డకంటే ముందు తల్లి కళ్లు తుడుచుకుంది. కాసేపు కూర్చుని, బిడ్డకు ఏమీ కాలేదని చూసుకుని వెళ్లిపోయింది.

సీసాను ఐసు డబ్బాలో పెట్టించి డాక్టరమ్మ ఫోను అందుకుంది. ఒకావిడ ఊళ్లో లేనంది. ఆసుపత్రి పక్క బడిలో కొట్టిన గంట ఆవిడ ఫోన్లోంచి కూడా గణగణా వినిపించింది. ఒకాయన మా ఆవిణ్ణి అడగాలన్నాడు, ఆవిణ్ణి అడిగితే మా ఆయన్ని అడగాలంది. మరో ముగ్గురు తమ పిల్లలకు జ్వరమన్నారు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తమ్ముడికి చేసింది.

"పాపకు రెండ్రోజుల్నుంచి జ్వరంగా ఉందక్కా. కళ్లు కూడా ఎర్రబడ్డాయి. తగ్గాక తీసుకొస్తాలే," అన్నాడు.

మళ్లీ అదే సాకు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"అబద్ధమైనా కొత్తది చెప్పరా," అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత వరండాలో ఏ చప్పుడైనా తలుపు వైపు చూడటమే ఆమె పనైంది. ఎవరూ రాలేదు. గడువు ఇంకాసేపట్లో అయిపోతుందనగా తమ్ముడు వచ్చాడు, పాపను భుజాన వేసుకుని. డాక్టరమ్మ మొహం విప్పారింది. తన తిట్టు ఇన్నాళ్లకు పనిచేసిందనుకుంది. నర్సును సీసా బల్ల మీద పెట్టి సిరంజి తీయమని చెప్పి చేతులు చాచింది.

పాప ఒళ్లు కాలిపోతోంది. చెవుల వెనకా నుదుటి మీదా ఎర్రటి దద్దుర్లు. మేనత్తను చూసి ఎప్పుడూ నవ్వే పిల్ల కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు.

తమ్ముడు బల్ల మీది సీసా వైపు చూశాడు.

"అదేనా అక్కా ఆ మందు? వేసెయ్. ఇంక నేను అడ్డు చెప్పను."

"తట్టు వచ్చేసింది. ఇప్పుడు వేసి లాభం లేదురా."

వాడు ఫోన్లో చెప్పింది నిజం. తన మాట ఎవరూ నమ్మడం లేదని ఊరంతటి మీదా మండిపడే మనిషి, తమ్ముడి మాట నమ్మలేదు. ఆ ఎర్రబడ్డ కళ్ల గురించి ఒక్క ప్రశ్న వేసి ఉంటే పాప పొద్దున్నే ఇక్కడ ఉండేది. తమ్ముడి మీద కోపం అలాగే ఉంది, దాని పక్కన ఇప్పుడు తన మీది కోపం కూడా వచ్చి చేరింది.

నర్సు గడియారం చూసి, సీసా తీసుకుని చెత్తడబ్బా వైపు నడిచింది. డాక్టరమ్మ ఆపలేదు. పాపను మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి స్టెతస్కోపు ఆనించి, తమ్ముణ్ణి మాట్లాడవద్దని సైగ చేసింది. లోపల గురగుర వినిపిస్తోంది.