కరెంటు తాగే కంప్యూటర్

2003 వేసవిలో నేను డోన్ పట్టణ సెక్షన్‌లో విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. స్తంభం నుంచి మీటరు దాకా ఏ తేడా వచ్చినా జవాబు చెప్పాల్సింది ఆ కుర్చీలో ఉన్నవాడే. ఎండాకాలం వచ్చిందంటే అందరిదీ ఒకటే ఫిర్యాదు, మీటరు పరిగెడుతోందని. మీటర్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. నా సర్వీసులో అబద్ధమాడిన మీటర్ల కంటే మనుషులే ఎక్కువ.

బట్టల వ్యాపారి రామయ్య శెట్టి మాత్రం మీటరును ఏమీ అనలేదు, కూతురి కంప్యూటర్‌ను అన్నాడు. డిగ్రీ పూర్తయిన లలిత రోజూ కర్నూలుకు వెళ్లి కంప్యూటర్ కోర్సు చదువుతోంది. ఇంట్లో సాధన చేసుకుంటుందని తండ్రే ముచ్చటపడి కొనిచ్చాడు. అది వచ్చిన దగ్గర నుంచి బిల్లు మూడింతలైందట.

"ఈ మిషను నీళ్లు తాగినట్లు కరెంటు తాగుతాండాది సార్. అమ్మేస్తానని నంద్యాలాయనకు మాటిచ్చినా. ఆదివారం వచ్చి తీసకపోతాడు. మీరొకసారి చూసి ఔనంటే ఈ పిల్ల ఊరుకుంటాది" అన్నాడు.

అంటే నన్ను పిలిచింది పరీక్షకు కాదు, సాక్ష్యానికి. నాకు చిర్రెత్తుకొచ్చింది. లలితకు వచ్చే నెలలో చివరి పరీక్షలు. కంప్యూటర్ పోతే ఆ చదువు అక్కడితో సరి. ఆ పిల్ల గుమ్మం దగ్గర ముఖం మాడ్చుకొని నిలబడి ఉంది.

ముందు మీటరు సంగతి తేల్చాలి. ఇంట్లో అన్నీ ఆపించి, వంద వాట్ల బల్బు ఒక్కటే వెలిగించి, మీటరులో తిరిగే అల్యూమినియం చక్రాన్ని వాచీ పెట్టుకొని చూశాను. లెక్క సరిపోయింది. తర్వాత బల్బు ఆర్పి, కంప్యూటర్ ఒక్కటే వేయమన్నాను. అప్పటి లావుపాటి గాజు మానిటరు, దాని పక్కనుండే పెట్టె కలిసి నూరు, నూటయాభై వాట్ల మధ్య తీసుకునేవి. రెండు అరవై బల్బులు వెలిగినట్టే అనుకోండి. చక్రం తాపీగా తిరిగింది.

శెట్టిగారు మాత్రం కంప్యూటర్‌ను చూసి కంగారుపడ్డాడు. "ఇట్లా కాదు సార్, ఏసీ ఎయ్యకుండా నడిపితే అది కాలిపోతాది."

అప్పటిదాకా నేను వరండాలో మీటరు దగ్గరే ఉన్నాను. లోపలికి వెళ్లి చూస్తే కిటికీకి కొత్త ఏసీ. మండు వేసవిలో ఆ అమ్మాయి కుర్చీ మీద ఉన్ని శాలువా. కంప్యూటర్ అమ్మిన దుకాణంలో దాన్ని అద్దాల గదిలో, ఏసీలో పెట్టారట. అది చూసి వచ్చిన శెట్టిగారు పొద్దున అంగడికి పోయేముందు ఏసీ వేసి, రాత్రి పడుకునేముందు ఆపేవాడు. లలిత ఇంట్లో ఉన్నా లేకపోయినా సరే. ఏసీ వేయించాను. చక్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కంప్యూటర్‌కు పదింతల పైమాటే.

తాగేది ఇది కదా శెట్టిగారూ అన్నాను. "అది మాకు కాదు సార్, దానికోసమే పెట్టిచ్చినాం. దాని ఖర్చు దాని లెక్కలోకే గదా వచ్చేది" అన్నాడు. వ్యాపారి లెక్క అది. సరుకు తెచ్చిన బండి కిరాయి సరుకు ధరలోనే కలుస్తుంది.

లలిత అప్పుడు నోరు విప్పింది. "దానికేం కాదని శానా తూర్లు చెప్పినా సార్. నాయన యాడ ఇంటాడు? జలుబు నాకు చేస్తాండాది."

నేను చెప్పినా వినేటట్టు లేడు. మర్నాడు ఆయన్ని మా రెవెన్యూ ఆఫీసుకు తీసుకుపోయాను. ఊరందరి బిల్లుల లెక్కలు చూసే కంప్యూటర్లు అక్కడ సీలింగ్ ఫ్యాన్ కింద, తెరిచిన కిటికీ పక్కన పనిచేస్తున్నాయి. ఏళ్లుగా అంతే. పెట్టె మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. ఆయన చాలాసేపు చెయ్యి తీయలేదు.

"అంటే నా బిల్లు లెక్క చూసేది ఉత్త గాలికే పనిచేస్తాండాదా?"

ఔనన్నాను. అక్కడి ఫోను నుంచే నంద్యాలాయనకు రావద్దని చెప్పేశాడు. నాకు నిజంగా సంతోషమేసింది. ఏసీ పెట్టినందుకు మా ఆఫీసులో అదనపు లోడు రాయించి డబ్బు కట్టలేదన్న సంగతి కూడా అప్పుడే చెప్పాను. డ్యూటీ డ్యూటీయే.

ఆ తర్వాత బిల్లు ఫిర్యాదుకు ఎక్కడికి వెళ్లినా, ఇంటివాళ్లు నేరం మోపిన వస్తువు ఎంత తీసుకుంటుందో చూడడంతో ఆగలేదు. అది వచ్చాక దానికోసం ఇంట్లో ఇంకేం వచ్చాయని అడిగేవాణ్ని. నా కింద చేరిన సబ్ ఇంజినీర్లకూ అదే చెప్పాను. ఎంత కాలిందో మీటరు చెబుతుంది. ఎందుకు కాలిందో మనుషుల్నే అడగాలి, అందులోనూ ముందుగా ఆ వస్తువు వాడే మనిషిని.