జపాన్ పాటలకు దిగవడ్డ నాటు మిషన్

ఒక్క మాటతోని నేను నడుస్తున్న మిషన్ను పొలంల ముంచిన. ఆ మాట సుత ఒక్క అక్షరమే. ఎట్ల ముంచిన్నో చెప్త, కడుపు పట్టుకొని నవ్వుకోండ్రి. మా బాపు ముంగట మాత్రం గీ ముచ్చట తియ్యకుండ్రి. ఆయనకు ఇప్పటికీ నవ్వస్తలేదు.

నా పేరు సలోమి. మాది సుల్తానాబాద్ పక్కన పల్లె. అప్పుడు నాకు ఇరవై ఏండ్లు, కరీంనగర్‌ల డిగ్రీ చదువుతుంటి. బస్సుల నా పక్కన కూసునే దోస్తు ఒకనాడు తన ఫోన్ల జపాన్ బొమ్మల సీరియల్ చూపించింది. చాటలంత కండ్ల పిల్ల, తెల్ల గుర్రం, కూలిపోతున్న కోట. సీరియల్ నేను చూసింది నాలుగు భాగాలే. గని అండ్ల పాటలు నన్ను పట్టుకున్నయి. ఇరవై రెండు పాటల ఆల్బమ్ మొత్తం ఫోన్ల ఎక్కించుకున్న. ఇగ చూస్కోండ్రి! బర్రె పాలు పిండంగ అదే, బస్సుల అదే, ఆదివారం చర్చిల పాస్టరయ్య వాక్యం చెప్తుంటే నా పెదవులు కదిలేది సుత దానికే. అయ్యగారేమో నాకు భక్తి ముదిరిందని మురిసిండు.

మూడో పాట బూరలతోని మొదలైతది, పెండ్లి బరాత్ పోయి పోయి కోట మీద పడ్డట్టుంటది. ఏడో పాట ఉన్నది చూడుండ్రి, పిల్లనగ్రోవి, చిన్న గంటలు, నడుమ ఒక ఆడమనిషి గొంతు. ఎండకాలం కుండల నీళ్లు గొంతు దిగినట్టే. అన్ని పాటలు నోటికొచ్చినయి. మరి అర్థం? రాగాన్ని బట్టి నేనే కట్టుకున్న. మెత్తగ పాడితే "రాండ్రి, కూసోండ్రి". డప్పులు మోగితే "ఆగు". ఆరు నెలలల్ల జపాన్ భాష వచ్చేసిందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్న.

"ఏం పాటలే అవి, పిల్లి తోక తొక్కినట్టు?" అన్నది అవ్వ.

"అవ్వా, గది జపాన్ భాష. నాకు మొత్తం వస్తది."

గీ మాట బాపు విన్నడు. బాపు విన్నడంటే చాయ్ హోటల్ విన్నది. చాయ్ హోటల్ విన్నదంటే ఊరు విన్నది.

గంతట్ల సుల్తానాబాద్‌ల మిషన్లు అమ్మే శంకరన్న ఒక కబురు తెచ్చిండు. జపాన్ నుంచి వరి నాటు మిషన్ వస్తుంది, దాన్ని నడిపి చూపెట్టనీకి ఒక ఇంజినీరు వస్తుండు, మంచి పొలం గావాలె. బాపు ఎగిరి ఒప్పుకున్నడు. శంకరన్న చెప్పినట్టు నారు ట్రేలల్ల పోసి, పొద్దుమాపు నీళ్లు చిలుకరించుకుంట పసిపిల్లను సాకినట్టు సాకిండు. మిషన్ వచ్చే దినం పొద్దుగాల్నే, సార్ల ముంగట ఇజ్జత్ పోవద్దని, పొలం ఒకటికి రెండుసార్లు దమ్ము చేయించిండు. మట్టి పాయసం లెక్కనే అయింది.

ఊరంత ఒడ్డు మీద నిలవడ్డది. నాట్లేసే ఆడోళ్లు సుత వచ్చిండ్రు. వాళ్లకు పెద్ద ఎల్లవ్వ. ఆమె మొఖం మాడి ఉన్నది. "మిషనొస్తే మా చేతులు ఏం జేస్కోవాలె?" అని అన్నది.

కారు దిగిన జపాన్ ఆయన నడుం వంచి దండం పెట్టి, ఛాతి మీద చెయ్యి పెట్టుకొని, "మోరి. మోరి," అన్నడు.

మా దిక్కు మోరి అంటే మురికి కాల్వ.

"పాపం, దూరంకెళ్లి వచ్చిండు, ఆగుతలేనట్టుంది," అని బాపు ఆయన చెయ్యి పట్టుకొని పొలం పక్కనే ఉన్న మా ఇంటెనుక కాల్వ కాడికి తీస్కపోయిండు. ఆయన మర్యాదస్తుడు. కాల్వను జరసేపు చూసి, దానికి సుత నడుం వంచి దండం పెట్టి మల్ల వచ్చిండు. మోరి అన్నది ఆయన పేరని శంకరన్న చెప్పేదాక మాకు తెల్వదు.

"తర్జుమా చేసే సారు కారు సిద్దిపేట కాడ పంచరైందట. ఆయనొచ్చేదాక ఎట్ల?" అని శంకరన్న పరేషాన్ అయితుండు.

బాపు మీసం దువ్విండు. "ఫికర్ ఎందుకు? మా బిడ్డ ఉన్నది కదా!"

ఊరు మొత్తం నా దిక్కు తిరిగింది. అప్పుడన్నా "బాపూ, నాకు రాదు" అనొచ్చు. అన్ననా? అనలే. ముందుకొచ్చిన. ఏడో పాటల అన్నిటికన్న మెత్తటి చరణం ఎంచుకొని, చేతులు జోడించి, నవ్వుకుంట అన్న: "ఒమాయె ఓ యురుసనాయ్!"

మోరి సారు రెండడుగులు ఎనుకకు పోయిండు. "చూసిండ్రా, ఎట్ల బీరిపోయిండో!" అని బాపు మురిసిండు.

మోరి సారు పొలం చూసిండు, వంగి మట్టిల వేలు పెట్టి చూసిండు, తర్వాత నాకు రెండు వేళ్లు చూపిచ్చి ఏదో అడిగిండు.

"ఏమంటుండే?" అన్నడు బాపు.

"దమ్ము రెండుసార్లు చేసిండ్రా అంటుండు."

"అవును, రెండుసార్లే అని చెప్పు!"

నాకు పక్కాగా తెలిసిన మాట ఒక్కటే. దాన్ని గట్టిగ కొట్టిన: "హై!" అంటే అవును అని.

ఆయనకు నమ్మకం కుదరలే. మల్ల రెండు వేళ్లు, మల్ల అదే మాట. నేను మల్ల, "హై! హై!"

మిషన్ పొలంల దిగింది. పది గజాలు ముద్దుగ పోయింది, ఎనుక పచ్చటి వరుసలు. ఊరంత చప్పట్లు. అంతట్లనే మిషన్ ముందు చక్రాలు కనవడలే. తర్వాత ఎనుక చక్రాలు కనవడలే. నీళ్లల్ల బర్రె పండుకున్నట్టు మెల్లగ, ఏ తొందర లేకుంట మునుగుతుంది. మోరి సారు ఇంక ముందుకే తోలుతుండు.

ఆగుమని చెప్పాలె! డప్పుల పాట యాదికొచ్చింది. ఒడ్డు మీదికెళ్లి గొంతు చించుకొని ఒర్రిన: "నకనాయ్‌దే! నకనాయ్‌దే!"

మోరి సారు నా దిక్కు ఒక్క చూపు చూసిండు. ఆ చూపు నేను సచ్చేదాక మర్సిపోను. అట్ల చూసుకుంటనే మిషన్ మీదినుంచి జారి నడుముల దాక మట్టిల పడ్డడు.

ట్రాక్టర్ వచ్చింది, తాళ్లు వచ్చినయి, మిషన్ను గుంజుతుంటే తర్జుమా సారు సుత వచ్చిండు. ఇద్దరు మాట్లాడుకున్నరు. తర్జుమా సారు అటు తిరిగి నవ్వాపుకొని నా కాడికొచ్చిండు.

"ఏమ్మా, రెండు దినాల కింద దమ్ము చేసి మట్టి పేరనిచ్చిండ్రా అని అడిగితే అవును అన్నవంట?"

"రెండుసార్లు అనుకున్న సార్."

"వచ్చిన మనిషిని చూడంగనే 'నిన్ను మాఫ్ చెయ్యను' అన్నవంట?"

నేను నేల చూసిన.

"సరే, అదంతా పోనీ. ఆయన మునుగుతుంటే ఒడ్డు మీదికెళ్లి 'ఏడ్వకు, ఏడ్వకు' అని ఎందుకన్నవు తల్లీ?"

ఊరు మొత్తం ఒక్కసారి పక్కున నవ్వింది. బాపు మాత్రం నవ్వలే. రుమాలు తీసి మొఖం తుడుచుకొని, మల్ల కట్టుకొని, ట్రేలల్ల నారు దిక్కు చూసుకుంట నిలవడ్డడు. అంతమందిల నవ్వులపాలైంది నేను కాదు, ఆయన.

మోరి సారు మట్టి కారుకుంట వచ్చి తర్జుమా సారుకు ఏదో చెప్పిండు. "ఆ 'మాఫ్ చెయ్యను' అనే పాట నీ కాడ ఉన్నదా అని అడుగుతుండు," అన్నడాయన. ఫోన్ తీసి ఏడో పాట పెట్టిన. మోరి సారు ఒడ్డు మీద కూసొని మొత్తం విన్నడు. ఆయన బిడ్డ అక్కడ జపాన్‌ల చదువుతదట. నాయన మీద కోపమొస్తే తలుపేసుకొని గదే పాట పెద్దగ పెడ్తదట. "కోపం ఇంతదూరం ఎంబడొచ్చిందని భయపడ్డ," అన్నడు. అనుకుంటనే నవ్విండు. గప్పుడు నాకు జర ఊపిరొచ్చింది.

ఇగ పొలం సంగతి. పాయసం అసొంటి ఆ మట్టిల మిషన్ నడవదు గని చేతి నాటుకు అంతకన్న మంచి మట్టి లేదు. ఎల్లవ్వ చీర కుచ్చిళ్లు ఎగజెక్కి దిగింది, ఎనుక పదిమంది దిగిండ్రు. బాపు సాకిన నారు పొద్దూకక ముందే పొలంల నిలవడ్డది. పోయేటప్పుడు ఎల్లవ్వ నా చెవుల గుసగుస పెట్టింది: "మా కోసమే ముంచినవని నాకు ఎర్కనే బిడ్డా. ఎవ్వలకు చెప్పను."

కాదని చెప్పాలె. అప్పుడే కదా ఒక అబద్ధం దిగవడి లేచింది! అయినా ఊకున్న.

మరుసటి దినం బాపు ముంగట చెయ్యి లేపి ప్రమాణం చేసిన. ఇగ పాటల్ల విన్న ఏ భాషనూ మనుషుల మీద ప్రయోగించను. అడిగింది అర్థం గాకుంటే తలకాయ ఊపను. మిషన్లున్న కాడ అసలే నోరు తెరవను. గా ప్రమాణానికి పనికొచ్చే మాట మోరి సారే పోంగ పోంగ దగ్గర కూసోవెట్టుకొని, నాలుగుసార్లు అనిపించి మరీ నేర్పిండు: "వకరిమసెన్." అంటే "తెల్వదు" అని. హై కాకుండ నాకు అర్థంతో సహా వచ్చిన జపాన్ మాట గదొక్కటే.