పోశవ్వను నేనడిగిన ప్రశ్న

అది 2023 నవంబర్. గోదావరిఖని మెయిన్ రోడ్డు మీద నా షాపు. బోర్డు మీద జిరాక్స్, ఆధార్, పాన్ కార్డు అని చాలానే రాయించాను గాని, నాకు పేరొచ్చింది వీసా పనితోనే. గల్ఫ్‌కు పోయేవాళ్ళ వర్క్ వీసాలు, అమెరికాకు పోయేవాళ్ళ ఫ్యామిలీ వీసాలు. ఫారాలు నింపుతాను, కాగితాలు అప్‌లోడ్ చేస్తాను, ఇంటర్వ్యూకు ఏమేం పట్టుకుపోవాలో చెప్తాను. నేను లాయర్ను కాను, ఏజెంటునూ కాను. అయినా శ్రీరాంపూర్, బెల్లంపల్లి నుంచి కూడా జనం బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వస్తుంటే కొంచెం తలకెక్కింది. ఎక్కలేదంటే అబద్ధమే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. షాపు ముందు నుంచి బొగ్గు లారీలు పొద్దంతా పోతూనే ఉంటాయి. వాటి మోతలో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పెద్దదైపోయింది. "నువ్వు గుసగుసలాడినా చౌరస్తా దాక వినవడ్తది" అంటుంది మా ఆవిడ. అందరం నవ్వుకునేవాళ్ళం.

నవంబర్ అంటే మాకు లైఫ్ సర్టిఫికెట్ల నెల. పింఛన్ తీసుకునేవాళ్ళు ఏడాదికోసారి వేలిముద్ర వేసి, బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. ఆ రోజు కూడా బెంచీల మీద రిటైరైన బొగ్గుబాయి కార్మికులు నిండుగా కూర్చున్నారు. ఆధార్ పనికి వచ్చిన ఆడవాళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. అంతమంది మధ్య నుంచి పోశవ్వ, ఆమె పెద్దబిడ్డ కనకలక్ష్మి, అల్లుడు సదయ్య లోపలికొచ్చారు.

వాళ్ళది ఎఫ్-4 కేసు. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ తోబుట్టువులను పిలిపించుకునే కోటా అది. కనక చెల్లెలు స్వరూప అక్కడ నర్సు. ఎప్పుడో పెట్టిన పిటిషన్‌కు ఏండ్లకేండ్లు గడిచాక, కనకకు యాభై దగ్గరపడుతుంటే వంతొచ్చింది. సదయ్య ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కింద డంపర్ నడిపేవాడు, ఆ కాంట్రాక్టు కాస్తా ముగిసిపోయింది. ఇక వాళ్ళ ఆశంతా ఈ వీసా మీదే. అప్పటికి సివిల్ డాక్యుమెంట్ల దశలో ఉన్నారు. అంటే పుట్టుక, పెళ్ళి, పోలీసు సర్టిఫికెట్లు పంపే దశ.

కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాను. ఊళ్ళో పుట్టిన కనక సర్టిఫికెట్‌లో తండ్రి పేరు దుర్గయ్య. ఇక్కడ బొగ్గు కంపెనీ దవాఖానలో పుట్టిన స్వరూప సర్టిఫికెట్‌లో లింగయ్య. పెద్ద దొంగను పట్టుకున్నట్టు పొంగిపోయాను.

"గిదేంది కనకక్కా? అక్కకో నాయన, చెల్లెకో నాయననా? ఇంటర్వ్యూల పట్టుకుంటరు."

కనక తల్లి వైపు చూసింది. బయట లారీ పోతోంది. పోశవ్వకు వినబడలేదేమో అనుకుని నేను ఇంకాస్త గొంతు పెంచాను.

"అవ్వా, నిన్నే. నీకు పెండ్లిళ్ళు రెండైనయా? ఇద్దరు మొగలా?"

అల్లుడి ముందు అడిగాను. చనిపోయిన ఆమె పెనిమిటితో కలిసి బాయిలో డ్యూటీలు చేసిన ముసలివాళ్ళ ముందు అడిగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

తెలియక అడిగానని చెప్పుకోవడానికి కూడా లేదు. నేను ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణే. మారుపేరంటే ఏమిటో మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. వెనకట ఒకడి పేరు మీద ఉద్యోగం వచ్చేది, వాడు బాయిలోకి దిగడానికి భయపడి పారిపోయేవాడు, ఆ పేరు మీద ఇంకొకడు దిగేవాడు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా కంపెనీలో అతని పేరు అదే. ఊళ్ళో మాత్రం కన్నవాళ్ళు పెట్టిన పేరు. అలాంటి ఇళ్ళ మధ్యే పెరిగాను. కాని ఆ కుర్చీలో కూర్చున్నాక నన్ను నేను కాన్సులేట్ ఆఫీసర్ అనుకున్నానో ఏమో, బుద్ధి గడ్డి తిన్నది.

పోశవ్వ కొంగు అంచు చూసుకుంటూ, తలెత్తకుండానే చెప్పింది.

"రాస్కో కొడుకా. ఇద్దరే."

"అవ్వా!" అంది కనక. పోశవ్వ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. సదయ్య లేచి బయటకు పోయాడు. బెంచీల మీది ముసలివాళ్ళు ఒక్కరు కూడా నోరు విప్పలేదు. నేను అదీ పట్టించుకోలేదు. పైగా ధైర్యం చెప్తున్నాననుకుని, అదే గొంతుతో, "ఏం ఫికర్ లేదవ్వా! తల్లి ఒక్కతైతే సాలు, అక్కచెల్లెండ్లే లెక్క. నడుస్తది" అన్నాను. ఆ మాట బయట నిలబడ్డ సదయ్యకు కూడా వినబడే ఉంటుంది. ఆమెకు రెండు పెళ్ళిళ్ళని అఫిడవిట్ టైపు చేసి, పొద్దున వచ్చి సంతకం పెట్టమని పంపించాను.

మర్నాడు షట్టర్ తీస్తుండగానే కనక ఒక్కతే వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా నాయన ఒక్కడే అన్నా. ఊళ్ళె దుర్గయ్య, బాయిల లింగయ్య."

సగం తీసిన షట్టర్ వదిలేసి ఆమె వైపు తిరిగాను. "మరి నిన్న ఆ మాట చెప్పకపోయినవా అక్కా?"

"ఎట్ల చెప్త? లింగయ్య భార్యననే గదా అవ్వకు పింఛనొచ్చేది. గంతమందిల దుర్గయ్య పేరు తీస్తే ఎవలన్న పోయి చెప్తరని, పింఛన్ ఆగుతదని భయం. సచ్చిపోయిన మనిషిని దొంగ పేరోడంటరని భయం. గందుకే మచ్చ తన మీదేసుకున్నది. రాత్రి సంది ఈయన మాట్లాడ్తలేడు. 'మీ అవ్వ గట్లాంటిదా' అని ఒక్క మాటన్నడు. అవ్వ విన్నది. అన్నం ముట్టలే."

నేనేదో చెప్పబోయాను. కనక చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్కటి చెప్పన్నా. తల్లి ఒక్కతైతే సాలని నువ్వే అంటివి. రెండు కాయితాల మీద మా అవ్వ పేరే ఉన్నది. మరి నాయన సంగతి ఎందుకడిగినవ్?"

నిజంగానే అడగాల్సిన పని లేదు. పిటిషన్ ఒప్పుకున్నప్పుడే తోబుట్టువులని తేలిపోయింది. ఎవరి ఫారంలో వాళ్ళ సర్టిఫికెట్‌లో ఉన్న తండ్రి పేరు రాస్తే సరిపోయేది. ఆఫీసర్ అడిగితే ఉన్న మాట చెప్పడానికి కనక సిద్ధంగానే ఉంది. పెనిమిటి చనిపోయిన ముసలామెను నలుగురిలో నిలబెట్టింది నా తెలివి చూపించుకోవడానికే. ముసలివాళ్ళ మౌనం కూడా అప్పుడే అర్థమైంది. వాళ్ళలో ఎంతమంది ఎవరి పేరు మీద దిగారో!

అఫిడవిట్ చింపేసి, షాపు మూసి వాళ్ళింటికి పోయాను. సదయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. "తప్పంతా నాది బావా, మీ అత్తను ఏమనకు" అని జరిగింది చెప్పాను. అతను తల దించుకుని లోపలికి పోయి, "అత్తా, అన్నం తిను" అన్నాడు. అంతకంటే ఏం అనగలడు పాపం.

నేను పోశవ్వ ముందు నేల మీద కూర్చున్నాను. "అవ్వా, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను. నా జన్మలో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గంతమంది ముందల ఒర్రి అడిగితివి. గిప్పుడు ఇంట్లకొచ్చి చెవుల చెప్తున్నవా? గా ముసలోళ్ళకు ఎరికే. తెల్వనోళ్ళు లేరా ఆడ? రేపొస్త. గాడ్నే చెప్పు."

అన్నట్టే వచ్చింది. షాపు నిండా జనం. కాని నేను ఆ ప్రశ్న అడిగిన రోజు ఉన్నవాళ్ళు ఒక్కరు లేరు, అందరూ కొత్త ముఖాలే. పోశవ్వ కుర్చీలో నిటారుగా కూర్చుని నా వైపు చూసింది. లేచి నిలబడ్డాను. అప్పుడు గాని నా ఇరకాటం నాకు తెలిసి రాలేదు. సంగతంతా విప్పితే మారుపేరు బయటపడుతుంది. విప్పకుండా చెప్పాలంటే ఒకటే మాట మిగిలింది.

"అయ్యా, అమ్మా, అందరు ఇనుండ్రి. ఈ అవ్వకు మొగడు ఒక్కడే. ఇద్దరు కాదు."

జనం ముందు తెల్లబోయారు. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచి, పోశవ్వను కిందికీ మీదికీ చూసింది. ఏమీ తెలియనివాళ్ళకు కూడా నేనే ఇప్పుడు అనుమానం పుట్టించాను.

పోశవ్వ లేచింది. "సాలు తియ్ కొడుకా. ఇంకింతమందికి ఎరుకైంది" అని మెట్లు దిగిపోయింది. నేను ఆ జనం మధ్య అలాగే నిలబడిపోయాను.

ఆ తర్వాత లోపల అద్దాల గది కట్టించాను. వీసా మాటలు ఏవైనా తలుపు వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని మాట్లాడతాను. ఫారం అడగని ప్రశ్న నేనూ అడగను. ఈ పనిలో నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే. అదీ ఒక పెద్దమనిషి పరువు పోయాక నేర్చుకున్నాను.

కొన్ని నెలలకు కనక కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయిపోయి ఫోన్ చేసింది. వీసా ఇస్తామన్నారట. సదయ్యకు కూడా. సంతోషం చెప్పి, ఉండబట్టలేక అడిగాను.

"నాయన పేరు సంగతేమన్న తీసిండ్రా?"

"లేదన్నా. మా అవ్వ మంచిగున్నదా అని అడిగిండ్రు, గంతే."

మంచిగున్నదని చెప్పిందట. నేను ఫోన్ పెట్టేశాను. ఇద్దరు మొగలా అని పోశవ్వను అడిగింది నేనొక్కణ్ణే.